ఐదో మాట

ఈ ఏడు ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమకాలం మొదలయ్యే నాటికి నా చేతిలో ఏమేం ఉన్నాయో ముందు చెప్తాను. పాల్వంచలో ఆరు మటన్ కొట్లు, ఈస్టర్ పండక్కి మేకలు నా దగ్గరే తీసుకుంటామని మాటిచ్చినవి. చందర్ నడిపే ట్రాలీ ఆటో, శనివారం శనివారం నాకే కిరాయి. చింతొర్రె సంతలో ఇరవై రెండేళ్ళ పేరు. ఇంట్లో నా భార్య హెప్సిబా, నేను ఏం దాచినా కనిపెట్టే మనిషి. ఇక పది వేళ్ళు. పదింటిలో పొద్దున తొమ్మిది దాకా పనిచేసేవి నాలుగే. ఎండెక్కాక ఏడు. కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు, ఎడమచేతి బొటనవేలు ఏ వేళకూ నా మాట వినవు.

ఖమ్మం పెద్ద దవాఖానాలో డాక్టరమ్మ దానికి రుమటాయిడ్ అని పేరు చెప్పింది. మనం కీళ్ళవాతం అంటాం. వారానికి ఒక్కరోజే, ఆదివారం ఆదివారం వేసుకునే గోళీలు రాసిచ్చింది. "గుణం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మధ్యలో మాత్రం మానొద్దు" అంది. రెండు నెలలు వేసుకున్నాను. కాస్త సర్దుకుంటున్నట్టే ఉంది. కానీ నా పనికి కాస్త చాలదు.

మేకను కొనేవాడు తూకం వేయడు. నడుము మీద, ఆఖరు పక్కటెముక వెనక, బొటనవేలు ఒక పక్క, నాలుగు వేళ్ళు ఇంకో పక్క పెట్టి పట్టి చూస్తాడు. తర్వాత పొట్ట కింద చెయ్యేసి ఒకసారి ఎత్తి దించుతాడు. కోస్తే పదకొండు కిలోలు పడుతుందా, తొమ్మిదేనా అన్నది ఆ రెండు పనుల్లో తెలిసిపోవాలి. నా లెక్క ఎప్పుడూ అర కిలో దాటి తప్పలేదు. పోయిన చలికాలం నుంచే తప్పడం మొదలైంది. కొట్లవాళ్ళు మొహమాటానికి ఏమీ అనకుండా, కోసిన మేకను కాటా మీద పెట్టి నావైపు చూసేవాళ్ళు. అనడం కంటే అదే ఎక్కువ.

పట్టి చూడటం ఒక పని, బేరం ఇంకో పని. చింతొర్రెలో బేరం నోటితో జరగదు. అమ్మేవాళ్ళ తరఫున ఒక మధ్యవర్తి, ఎదురుగా కొనేవాడు, ఇద్దరూ ఒకే తువ్వాల కింద కుడిచేతులు పెడతారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని వేల రూపాయలు, అయిదు దాటితే మళ్ళీ మొదటి వేలి నుంచి. వేలి కణుపు నొక్కితే అయిదొందలు. పైకి మాత్రం ఎండల గురించో, పిల్లల చదువుల గురించో మాట్లాడుకుంటారు. మేకను పెంచిన మనిషి పక్కనే నిలబడ్డా ఎంతకు తెగిందో తెలియదు. మధ్యవర్తి తర్వాత ఏది చెప్తే అదే ధర, డబ్బు కూడా అతని చేతి మీదుగానే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. అవతలివాడు పట్టుకుని ఉండగా చెయ్యి వెనక్కి లాక్కుంటే ఆ ధరకు ఒప్పుకున్నట్టే.

శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారానికి ముందు వచ్చిన శనివారం, సాంబమూర్తి నా చెయ్యి తువ్వాల కింద పట్టుకున్నాడు. చింతొర్రెలో సగం మేకలకు అతనే మధ్యవర్తి. ఆ రోజు అతను మాట్లాడుతున్నది హేమ్లి మేకపోతు కోసం. హేమ్లి గుట్ట మీది తండా నుంచి వచ్చే లంబాడా ముసలమ్మ. తండాలో అమ్మను యాడి అంటారు. నేనూ ఆమెను అట్లాగే పిలుస్తాను.

"ఎండలు జల్దీ మొదలైనయి గదా ఎబినేజరన్నా" అన్నాడు సాంబమూర్తి నవ్వుతూ. కింద, వాచిన నా నడిమివేలి కణుపును దొరకబుచ్చుకున్నాడు.

"అవ్, జల్దీనే" అన్నాను.

"ఇప్పపువ్వు గూడ ముందుగాలనే రాలుతున్నది." ఇంకొంచెం నొక్కాడు. ఎనిమిదిన్నర మీద ఇంకో అయిదొందలు, తొమ్మిది వేలకు పట్టు. ఆ పోతు ఎనిమిదిన్నర చేస్తుంది, అంతకు మించి చెయ్యదు. నాకు తెలుసు, అతనికీ తెలుసు.

"రాలనియ్" అన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎముకలో మేకు దిగుతున్నట్టుంది. అరిస్తే సంతంతా వింటుంది. చెయ్యి లాక్కున్నాను.

"ఐపాయె! మంచి బేరం" అని తువ్వాల దులిపాడు.

హేమ్లి ముందుకొచ్చింది. "ఎంతకు తెగింది?"

"ఏడున్నర" అన్నాడు సాంబమూర్తి కళ్ళార్పకుండా.

నేను అక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు. తువ్వాల కింది మాట పైకి చెప్పకూడదు, అది సంత నీతి. ఇన్నేళ్ళూ నేనూ ఆ తువ్వాల చాటునే బతికాను. ఆ రోజు దాకా నొప్పి పుట్టింది నాక్కాదు, అంతే తేడా.

మేకను ట్రాలీ ఎక్కిస్తుంటే సాంబమూర్తి నా చెవి దగ్గరికొచ్చాడు. "చేతులు మంచిగ లెవ్వన్నట్టున్నది అన్నా. తక్లీఫ్ పడకు. ఇంట్ల కూసో. నేనే కొని నీ ఆరు కొట్లకు దింపుత. నీకు చాయ్ ఖర్చులకు ఇస్త."

"ఈస్టర్ దాకా చూడు" అన్నాను. "అప్పటికి ఈ చేతులతోటి కొనలేకపోతే, కొట్లు నువ్వే తీసుకో."

ఆ మాట నలుగురి మధ్య అన్నాను. సంతలో నలుగురి మధ్య అన్న మాట వెనక్కి రాదు.

బుధవారం సాయంత్రం ప్రార్థన అయ్యాక మా పాస్టరు జస్టిన్ అయ్యగారు గుడ్ ఫ్రైడేకి సిలువ మీద ప్రభువు అన్న ఏడు మాటలూ పంచారు. మా సంఘంలో మాటకొకరు లేచి మాట్లాడటం వాడుక. వచ్చిన మాట మార్చుకోకూడదు. క్షమాపణ మాట రిటైరైన టీచరు గారికి వచ్చింది. పక్క సిలువ మీది దొంగకు పరదైసు, అంటే స్వర్గం, ఇచ్చిన మాట కోసం నేను ఆశపడ్డాను. నా వృత్తికి దగ్గరగా ఉంటుంది, ఆఖరి నిమిషంలో కుదిరిన బేరం అది.

"ఎబినేజర్ గారికి ఐదో మాట" అన్నారు అయ్యగారు. దాహంగా ఉందన్న మాట.

ఇంటికొస్తూ హెప్సిబాతో అన్నాను. "అన్నిట్లకు చిన్నది నాకే దొరికింది. తొందరగ ఐపోతది."

"చిన్నదని సంబరపడకు. దాని మీద ఏం చెప్తవో నేను గూడ చూస్త" అంది ఆమె.

శ్రమకాలం నలభై రోజులూ మావాళ్ళు ఏదో ఒకటి విడిచిపెడతారు. మాంసం, పూలు, టీవీ. మాంసం మీద బతికేవాణ్ణి, మాంసం మానేస్తే దేవుడికి నవ్వొస్తుంది. నేను గోళీ విడిచిపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే వేడినీళ్ళ టబ్బులో చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని అన్నాను: తండ్రీ, నా దగ్గరున్న ఒక్క ఆసరా నీ ముందు తీసి పెట్టేశాను. ఇంక నీ వంతు. ఈస్టర్ నాటికి పది వేళ్ళు ఇయ్యి. పెద్ద పోతు చర్చికి ఇస్తా.

ఆయన ఏమీ అనలేదు. నలుగురూ వినేలా మాట్లాడేవాడు నా తువ్వాల కిందికి చెయ్యి ఎందుకు పెడతాడు? ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. మౌనం అంటే ఒప్పుకున్నట్టే అని లెక్కేసుకున్నాను.

మొదటి వారం ఏమీ కాలేదు. రెండో వారం పర్వాలేదనుకున్నాను. మూడో శనివారం సంతలో పోతును ఎత్తబోయి జారవిడిచాను. అది నా కాలి మీద పడి, లేచి, జనంలోకి ఉరికింది. సాంబమూర్తి చప్పట్లు కొట్టాడు. "పట్టుండ్రి, పట్టుండ్రి! ఎబినేజరన్న మేకలను విడుదల చేస్తున్నడు!" సంతంతా నవ్వింది. ఆ వారమే ఆరు కొట్లలో రెండు అతని వైపు తిరిగాయి.

నాలుగో ఆదివారం కూడా గోళీ వేసుకోలేదు. సోమవారం పొద్దున లేచేసరికి మోకాళ్ళు, మణికట్లు, వేళ్ళు అన్నీ ఉబ్బి ఉన్నాయి. హెప్సిబా పాల్వంచ దవాఖానాలో కాన్పుల వార్డు ఆయా. ఆ రోజు పొద్దుటి డ్యూటీ. నేను దుప్పటి కప్పుకుని నిద్ర నటించాను. ఆమె అన్నం వండి, మూతపెట్టి, తలుపు దగ్గరికేసి వెళ్ళిపోయింది.

పదింటికి దాహం వేసింది.

నీళ్ళ కుండ మంచానికి నాలుగడుగుల దూరంలో ఉంది. గోడకు ఆనుకుంటూ ఒక్కో అడుగే వేసి వెళ్ళాను. మూత మీద స్టీలు గ్లాసు. రెండు అరచేతుల మధ్య పెట్టి ఎత్తబోతే జారి కింద పడి, దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. మూతను మోచేత్తో నెట్టాను. కుండ నిండా నీళ్ళు. చల్లగా, కనిపిస్తూ. వంగి మూతి పెట్టి తాగుదామంటే మోకాళ్ళు వంగవు. కుండను వంచుదామంటే మణికట్టు నిలవదు.

పక్కింటి నాగలత గోడవతల బట్టలు ఉతుకుతోంది. ప్రతి దెబ్బా నాకు వినిపిస్తోంది. "అమ్మా నాగలతా" అంటే చాలు, ఒక్క ఉదుటున వస్తుంది, మంచిపిల్ల. పిలవలేదు. ఇరవై రెండేళ్ళ బేరగాణ్ణి, ఇంట్లో కుండలో నీళ్ళు ముంచుకోలేక పక్కింటమ్మాయిని పిలిచానంటే, సాయంత్రానికి పవర్ హౌస్ గేటు దాకా పోతుంది ఆ మాట. గోడకు ఆనుకుని కూర్చున్నాను. పన్నెండైంది. ఒంటిగంట అయింది. కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. పక్కనే నీళ్ళున్నాయి, పది అడుగుల్లో మనిషి ఉంది.

రెండున్నరకి హెప్సిబా వచ్చింది. మంచం మీద నేను లేను. కుండ మూత కింద పడి ఉంది. నేను గోడ పక్కన. ఆమె సంచి కింద పడేసింది. మంచం కింద నుంచి గ్లాసు తీసి, కడిగి, నీళ్ళు ముంచి నా నోటికి పెట్టింది. గడ్డం మీదుగా కారిపోతుంటే కొంగుతో తుడిచింది. తర్వాత నా మణికట్టు తిప్పి చూసింది. వార్డుల్లో తిరిగే మనిషి, ఆమెకు తెలియకుండా ఎట్లా ఉంటుంది.

"గోళీలు ఏవీ?"

నేను గడ్డం గీసుకునే డబ్బా వైపు చూశాను. ఆమె తెరిచింది. నాలుగు ఆదివారాల గోళీలు కాగితంలో కట్టి ఉన్నాయి.

"ఏందిది?"

చెప్పాను. విడిచిపెట్టిందీ, అడిగిందీ, పోతు ఇస్తానన్నదీ. ఆమె ఆ కాగితం పొట్లం విప్పి గోళీలు లెక్కపెట్టింది. అరుస్తుందనుకున్నాను.

"దేవునితోటి గూడ మారుబేరమేనా?" అంది నెమ్మదిగా. "గోళీ ఎవ్వలు చేసిన్రనుకున్నవ్? సాతాన్ చేసిందనుకున్నవా? ఆ డాక్టరమ్మకు తెలివి ఇచ్చింది ఎవ్వరు? నువ్వు ఆయన ఇచ్చిందే ఆయన మొఖాన కొట్టి, ఇంకోటి తెమ్మంటున్నవ్. పైగా పొద్దుగాల్నుంచి దాహంతోటి కూసున్నవ్. పక్కన మనిషి ఉన్నది, పిలువ చేతగాలేదా?"

"సిగ్గైంది" అన్నాను.

"ఎవ్వల్ని చూసి?"

 నాకు పంచిపెట్టిన ఐదో మాట గుర్తొచ్చింది. ఆ రోజు సిలువ మీద ఆయన చేతులు కూడా ఆయన వశంలో లేవు. గ్లాసెడు నీళ్ళు తనంతట తాను ఎత్తుకోలేడు. అంతమంది చూస్తున్నారు, వెక్కిరిస్తున్నారు. అయినా దాహంగా ఉందని పైకే అన్నాడు. అడిగింది తనకు మేకులు కొట్టినవాళ్ళనే. వాళ్ళు కర్రకు స్పంజి కట్టి అందించిన పులిసిన ద్రాక్షరసమే పుచ్చుకున్నాడు. ఆయనకు లేని సిగ్గు నాకు ఎక్కడి నుంచి వచ్చింది?

"ఇంకొన్ని నీళ్ళు పొయ్యి" అన్నాను.

హెప్సిబా గ్లాసు నింపింది.

మర్నాడు ఖమ్మం వెళ్ళాం. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, మళ్ళీ మొదలుపెట్టమని, ఈసారి వాపు తగ్గడానికి ఇంకో మందు కొన్నాళ్ళకు కలిపి ఇచ్చింది. అయ్యగారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. నా సంగతి విని ఆయన నవ్వలేదు. "ఎబినేజర్ గారూ, ఆయన్ని ఏమిస్తావని అడిగినన్ని రోజులు మీకు ఎక్కడ నొస్తుందో ఆయనకు చెప్పలేదు మీరు" అన్నారు.

ఆ రోజు నుంచి పొద్దుటి ప్రార్థన మారింది. టబ్బులో చేతులు పెట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి. తండ్రీ, ఇక్కడ నొస్తుంది. ఇది వంగడం లేదు. శనివారమంటే భయమేస్తుంది. అంతే. ఇస్తానన్నవి లేవు, గడువులు లేవు. వినడానికి ఒక మనిషి దొరికినప్పుడు ఒళ్ళు ఎట్లా వదులవుతుందో అట్లా వదులయ్యేది. నొప్పి ఉంది. దాన్ని దాచడానికి రోజంతా బిగబట్టుకున్న భుజాలు, పళ్ళు, కడుపు, వాటి పని పోయింది. మూడు నెలల్లో మొదటిసారి తెల్లారే దాకా నిద్రపోయాను. అది మందు గుణమా, ప్రార్థన గుణమా అని చందర్ అడిగాడు. విడదీసి చెప్పడానికి అది రెండు మేకల మంద కాదన్నాను.

మందు పనిచేయడానికి టైము పడుతుంది, ఈస్టర్‌కు టైము లేదు. ఒక రాత్రి అన్నం తింటూ, హెప్సిబా ముద్ద కలిపి పెడుతుంటే అడిగాను. "వార్డుల పిల్ల పుట్టంగనే నువ్వు ఎత్తుకుంటవ్ గద. కాటా మీద పెట్టకముందే బరువు చెప్తవంటరు, నిజమేనా?"

"ఇరవయ్యేళ్ళాయె. వంద గ్రాములు గూడ తేడా రాదు."

"శనివారం లీవు పెట్టు."

ఆమెకు అర్థమై, నోట్లో అన్నం మెతుకులు బయటికొచ్చేంత నవ్వింది. "మేకలను ఎత్తుమంటవా నన్ను? చర్చి ఆడోళ్ళందరు ఏమనుకుంటరు?"

"నాకు చేతులు కావాలె హెప్సిబా. అడుగుతున్న."

నవ్వు ఆపింది. మర్నాటి నుంచి నాగలత వాళ్ళ మేకపోతు మా వాకిట్లోకి వచ్చింది. పక్కటెముక వెనక ఎక్కడ పట్టాలో, కొవ్వుకూ కండకూ తేడా ఏంటో, కడుపులో మేత బరువు ఎంత తీసెయ్యాలో చెప్పాను. మొదటి రోజు ఆ పోతును చంటిబిడ్డను ఎత్తినట్టు భుజాన వేసుకుంది. "బిడ్డ ఏడిస్తే వీపు తడుతవా?" అన్నాను. "నీ వీపు తడుత, ఆగు" అంది. వారం తిరిగేసరికి నాలుగు కొట్ల దగ్గర కోయబోయే మేకల్ని పట్టి చూసి కాటాతో పందెం కాసింది. పన్నెండింటిలో పది గెలిచింది.

గుడ్ ఫ్రైడే నాడు నా ముందు మాట్లాడిన నలుగురూ తలా అరగంట తీసుకున్నారు. నేను నాలుగు నిమిషాల్లో ముగించాను. రెండు చేతులూ బల్ల మీద అందరికీ కనిపించేలా పెట్టి, కుండ పక్కన నేను కూర్చున్న ఆ పూట గురించి చెప్పాను. నాగలత చర్చి మనిషి కాదు, అయినా గుమ్మం దగ్గర నిలబడి విని, ఇంటికొచ్చాక నన్ను తిట్టింది. "ఒక్క కేకెయ్యకపోతివా బాబాయ్!"

తెల్లారి శనివారం. ఈస్టర్‌కు ముందు ఆఖరి సంత. హెప్సిబా నా చొక్కా గుండీలు పెట్టింది. చందర్ ట్రాలీ ఆపి, "అక్కా, నువ్వు ముందల కూసో. అన్న ఎనక మేకల జాగల కూసుంటడు, అలవాటే గద" అన్నాడు.

చింతొర్రెలో మేం దిగగానే సాంబమూర్తి వచ్చాడు. చుట్టూ నలుగురైదుగురు మధ్యవర్తులు.

"ఏందన్నా, అమ్ముకునే ఆడోళ్ళను చూసినం గానీ కొననీకి వచ్చిన ఆడామెను ఇయ్యాలనే చూస్తున్నం. వదినను చౌక చేస్తున్నవా?"

"నీ వదిన చెయ్యి నీ కాటా కంటే నయం" అన్నాను. "పట్టి చూసేది ఆమె. ధర చెప్పేది నేను."

అతను తువ్వాల విప్పాడు. "సరే, చెయ్యి పెట్టు."

"తువ్వాల వద్దు. నా చేతులు నొస్తయి. నోటితోటి బేరం."

"నొస్తే దవాఖానకు పో. సంతకు కట్టుబాటున్నది."

రెండు చేతులూ తల మీదికి ఎత్తాను. వంకర వేళ్ళు, వాచిన కణుపులు, అందరికీ కనిపించేలా. "చూడుండ్రి. నాకు కీళ్ళవాతం. ఈ వేళ్ళు ఎవ్వలన్న పిసికితే నేను తట్టుకోలేను. పిసికినోళ్ళకు ఈ సంగతి ముందే తెలుసు. ఇయ్యాల్నుంచి ఎబినేజర్ ధర గట్టిగనే చెప్తడు. ఇష్టమున్నోళ్ళు అమ్ముండ్రి."

ఎవరూ కదల్లేదు. అమ్మేవాళ్ళు మధ్యవర్తుల మాట కాదని నాకు అమ్మితే రేపటి నుంచి వాళ్ళ మేకల మొహం చూసేవాడు ఉండడు. ఎనిమిదైంది. తొమ్మిదైంది. మా చుట్టూ మేకలు అమ్ముడై వెళ్ళిపోతున్నాయి. ఒక్కటీ మా దగ్గరికి రాలేదు. రాత్రికల్లా నాలుగు కొట్లకు దింపకపోతే ఆ నాలుగూ కూడా పోతాయి, నలుగురిలో అన్న మాట ప్రకారం. సాంబమూర్తి చాయ్ తాగుతూ మావైపే చూస్తున్నాడు.

"ఇంటికి పోదామా?" అంది హెప్సిబా మెల్లగా.

"పోము."

"ఎండ మండుతున్నది."

"మండనియ్. సంత లేచిపోయేదాకా నిలబడదం."

పదింటికి హేమ్లి వచ్చింది. చేతిలో తాడు, తాడు చివర నల్ల పోతు. "నాది చూడు సేటూ. ఎంతో గట్టిగ చెప్పు. నాకు చెవులు మంచిగనే ఉన్నయి."

హెప్సిబా చీర కుచ్చిళ్ళు దోపుకుంది. నడుము పట్టి చూసింది, పొట్ట కింద చెయ్యేసి ఎత్తి దించింది. "పదికి కొంచెం తక్కువ" అంది.

"ఎనిమిది వేలు" అన్నాను, చాయ్ హోటలు దాకా వినిపించేలా.

హేమ్లి తాడు ఇవ్వలేదు. సాంబమూర్తి వైపు తిరిగింది. "పోయిన తడవ నా పోతు దీనికంటే పెద్దది గద? ఏడున్నర అన్నవ్?"

"అప్పుడు ధర గట్ల ఉండె ముసలమ్మా."

ఆమె నావైపు తిరిగింది. "నువ్వు ఎంత ఇచ్చినవ్ సేటూ?"

సంతలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అడిగినా ఎవరూ చెప్పరు. సాంబమూర్తి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, ఆలోచించి నోరు తెరువు. దీని తర్వాత నీకు ఈ సంత ఉండదు."

"తొమ్మిది ఇచ్చిన యాడీ" అన్నాను. "నీ పక్కనే ఉండి, ఏడున్నర అని ఆయన చెప్తుంటే నోరు మూసుకున్న. అది నా తప్పు."

 హేమ్లి లంబాడాలో ఏదో అంది. నాకు అర్థం కాలేదు. తండావాళ్ళకు అర్థమైంది. ఒకరి తర్వాత ఒకరు తాళ్ళు పట్టుకుని మావైపు కదిలారు. తర్వాత కోయగూడెం వాళ్ళు. హెప్సిబా కొంగు నడుముకు బిగించి, "వరసగ రాండ్రి, తోసుకోకుండ్రి, ఇది కాన్పుల వార్డు కాదు" అని కేకేసింది. రెండింటికి ట్రాలీలో పద్దెనిమిది మేకలు. చందర్‌కు నిలబడే చోటు లేదు.

సాంబమూర్తి వెళ్ళేటప్పుడు ఒక్క మాటన్నాడు. "సంత ఖరాబు చేసినవ్ అన్నా."

"అవ్" అన్నాను.

ఇప్పుడు తొలకరి వానలు మొదలయ్యాయి. ఆ సీజనులో నాకు పోయినవి: అటు తిరిగిన రెండు కొట్లు తిరిగి రాలేదు. నడిమివేలు ఇంకా ముడుచుకోదు. చింతొర్రెలో నాతో చాయ్ తాగేవాళ్ళు తగ్గారు. మిగిలినవి: ఉంగరపువేలు వంగుతోంది. హెప్సిబా నెలకు రెండు శనివారాలు లీవు పెట్టి సంతకు వస్తోంది, వార్డు కంటే ఇక్కడే బాగుందంటోంది. ఆదివారం గోళీ, పొద్దుటి ప్రార్థన రెండూ ఆగలేదు. రాత్రి నిద్ర. సంతలో ఇప్పటికీ తువ్వాలలున్నాయి, కానీ ధర పైకి చెప్పమనే తండా మనుషులు వారం వారం పెరుగుతున్నారు.

పోయిన శనివారం హేమ్లి నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మేకను చూసినట్టే చూసింది.

"నీ దేవుడు చేతులు బాగ చేసిండా సేటూ?"

"సగం చేసిండు యాడీ."

"సగం చేసిన దేవునికి గంతగనం మొక్కుడెందుకు?"

"చేతులు సగం" అన్నాను. "మనిషిని మొత్తం చేసిండు."

ఆమె నా చేతులు వదిలింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. తాడు ముందుకు చాపింది.

"గట్లయితే జల్దీ పట్టి చూసి ధర చెప్పు. వాన వస్తున్నది."

హెప్సిబా వంగి పట్టి చూసింది. నేను చెప్పాను, సంత పక్కన పారే ఒర్రె అవతలి గట్టు దాకా వినిపించేలా.